ఆపరేషన్ తర్వాత తిరిగి వచ్చిన ఎండోమెట్రియోసిస్ నొప్పి: మళ్లీ కత్తి పట్టే ముందు చూడవలసినవి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను. మీ వయసు 29. రెండేళ్ల క్రితం లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్) చేసి, రెండో దశ ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు, ఉందని చెప్పి, కనబడిన మచ్చలను కాల్చివేశారు. ఆ తర్వాత డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రలు రాస్తే, మధ్యమధ్యలో రక్తం కనబడుతోందని మూడు నెలలకే మానేశారు. ఏడాది తిరగకుండానే నొప్పి మళ్లీ వచ్చింది. ఇప్పుడది నెలసరి రోజులతో ఆగకుండా నెలలో సగం రోజులు ఉంటోంది. ఇటీవల చేయించిన స్కానింగ్ మామూలుగానే ఉంది. ఒక డాక్టరుగారు రెండో ఆపరేషన్ చేద్దామంటున్నారు, మీ అత్తగారు బిడ్డ పుడితే అదే సర్దుకుంటుందంటున్నారు, ఇంకొకరు గర్భసంచి తీయించుకుంటే పీడ వదులుతుందన్నారు. స్కానింగ్‌లో ఏమీ లేనప్పుడు ఇదంతా నా భ్రమేనా అని చివరన అడిగారు.

పొత్తికడుపు నొప్పితో వచ్చే స్త్రీలకు చాలాకాలంగా చికిత్స చేస్తున్న గైనకాలజిస్టుగా ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ నొప్పి భ్రమ కాదు. ఎండోమెట్రియోసిస్‌లో లోపల కంటికి కనబడే జబ్బుకూ, మనిషి పడే బాధకూ లెక్క కుదరదు. రెండు అండాశయాల్లోనూ పెద్ద చాక్లెట్ సిస్టులు (పాత రక్తంతో నిండిన సంచులు) ఉండి, పేగు గర్భాశయానికి అతుక్కుపోయి ఉన్నా పెద్దగా బాధ తెలియనివారున్నారు. నాలుగైదు చిన్న మచ్చలతోనే మంచం పట్టేవారూ ఉన్నారు. మీకు చెప్పిన 'రెండో దశ' అనేది మచ్చల వైశాల్యం, లోతు, అవయవాలు ఎంతవరకు అతుక్కున్నాయన్న వాటికి మార్కులు వేసి, 6 నుంచి 15 మధ్య వస్తే ఇచ్చే పేరు మాత్రమే. ఆ లెక్కలో నొప్పికి ఒక్క మార్కు కూడా లేదు. కాబట్టి 'రెండో దశే కదా' అని ఎవరైనా అంటే, ఆ మాట మీ బాధను కొలిచి అన్నది కాదని గుర్తుంచుకోండి.

స్కానింగ్ సంగతీ అంతే. అల్ట్రాసౌండ్‌లో చాక్లెట్ సిస్టు స్పష్టంగా తెలుస్తుంది. అనుభవమున్నవారు శ్రద్ధగా చూస్తే గర్భాశయం వెనుక, పేగు గోడలో, మూత్రాశయం దగ్గర లోతుగా పాతుకున్న గడ్డలు కూడా తెలుస్తాయి. పొత్తికడుపు లోపలి పొర మీద పైపైన ఉండే మచ్చలు మాత్రం అల్ట్రాసౌండ్‌కు గానీ ఎంఆర్ఐకి గానీ సాధారణంగా చిక్కవు. 2022లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు కూడా, స్కానింగ్ మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని తేల్చరాదనే చెబుతున్నాయి. సీఏ-125 రక్తపరీక్ష మీద ఆధారపడి నిర్ధారించరాదని కూడా అవే చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు నూటికి పదిమందికి ఈ జబ్బు ఉంటే, అది బయటపడడానికి నాలుగు నుంచి పన్నెండేళ్లు పడుతోంది. ఆ ఏళ్లన్నీ ఆ స్త్రీలు 'ఆడపిల్లలకు మామూలే' అన్న మాట వింటూ గడిపినవే. మీకు నిర్ధారణ అయి ఉంది, దాన్ని మళ్లీ మళ్లీ నిరూపించుకోవలసిన అవసరం లేదు.

మరి నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది? గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరగడమే ఈ జబ్బు. అది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్‌తో బతుకుతుంది, కొంత తనంతట తాను కూడా తయారుచేసుకుంటుంది. నెలనెలా దాని చుట్టూ వాపు వస్తుంది, నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి, అక్కడికి కొత్త నరపు పోగులు పెరుగుతాయి. ఇది మొదటి రకం నొప్పి. ఇది నెలసరితో వచ్చి నెలసరితో పోతుంది. ఏళ్ల తరబడి ఈ సంకేతాలు వెళ్లగా వెళ్లగా వెన్నుపాము, మెదడు వాటికి అతిగా స్పందించడం మొదలుపెడతాయి. ఎండకు కమిలిన చర్మానికి పలుచని నూలుగుడ్డ తగిలినా భగ్గుమన్నట్టు, మూత్రాశయం నిండడం, పేగులో గాలి కదలడం వంటి మామూలు విషయాలు కూడా నొప్పిగా తెలుస్తాయి. నెలసరికి కట్టుబడి ఉండే నొప్పి నెలలో సగం రోజులకు పాకిందంటే, ఈ రెండో రకం దానికి తోడైందా అని తప్పక అనుమానించాలి. కొత్త మచ్చలు పుట్టుకొచ్చి ఉండవచ్చు కూడా. రెండూ కలిసే ఉండడం చాలా మామూలు.

మూడో మూలం ఒకటుంది, దాన్ని చాలాచోట్ల అసలు చూడరు. అది కటి అడుగు కండరాలు, అంటే మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, పేగును కింది నుంచి మోసే కండరాలు. నొప్పి వచ్చినప్పుడల్లా శరీరం వాటిని బిగబట్టుకుంటుంది, కొన్నేళ్లకు ఆ బిగువు అలాగే స్థిరపడిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కరలేదు. మీ అనుమతితో, ఒక్క వేలితో, గర్భాశయాన్ని తాకకుండా యోనికి ఇరుపక్కలా ఉన్న కండరాన్ని నెమ్మదిగా నొక్కి చూస్తే చాలు. అక్కడ గట్టి పగ్గంలా చేతికి తగులుతుంది. సరిగ్గా ఆ చోట నొక్కగానే 'ఇదే, రోజూ వచ్చే నొప్పి ఇదే, తొడలోకి కూడా లాగుతోంది' అని ఎందరో నాతో అన్నారు. ఆ నొప్పికి కారణమైన కండరం ఆపరేషన్‌లో తీసే మచ్చల్లో లేదు. మీకు కూర్చున్నప్పుడు నొప్పి పెరగడం, కలయిక తర్వాత గంటల తరబడి మంట ఉండడం, మూత్రం ధారగా మొదలు కావడానికి ఆలస్యం కావడం వంటివి ఉంటే ఈ పరీక్ష చేయమని మీరే అడగండి.

ఇప్పుడు ఆ మూడు సలహాల సంగతి. రెండో ఆపరేషన్ తప్పని నేను అనను, కానీ దానికి కారణం స్పష్టంగా ఉండాలి. మూత్రనాళం నొక్కుకుపోవడం, పేగు ఇరుకవడం, పెద్ద సిస్టు లేదా అనుమానం కలిగించే సిస్టు, మందులకు లొంగని లోతైన గడ్డ, మందులు వాడలేని పరిస్థితి, కొందరి విషయంలో సంతానం కోసం చేసే ప్రయత్నం: ఇవి కారణాలు. 'నొప్పి తగ్గలేదు, మళ్లీ ఒకసారి చూద్దాం' అన్నది ఒక్కటే కారణమైతే, అదీ హార్మోన్ చికిత్స సరిగా సాగకముందే అయితే, తొందరపడవద్దని నా గట్టి అభిప్రాయం. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడం రెండేళ్లకు సుమారు ఐదుగురిలో ఒకరికి, ఐదేళ్లకు నూటికి 40 నుంచి 50 మందికి ఉంటుందని సమీక్షలు అంచనా వేశాయి. ఆపరేషన్ తర్వాత హార్మోన్ మందు కొనసాగించినవారిలో ఇది గణనీయంగా తగ్గుతుంది. ప్రతి ఆపరేషన్ కొత్త అతుకులకు అవకాశమిస్తుంది, అండాశయం మీద సిస్టు తీస్తే దానితోపాటు కొన్ని అండాలు కూడా పోతాయి. ఒకవేళ ఆపరేషన్ తప్పనిసరి అయితే, లోతైన ఎండోమెట్రియోసిస్‌ను తరచుగా చేసే సర్జన్, అవసరమైతే పేగుల సర్జన్, మూత్రకోశ నిపుణుడు అందుబాటులో ఉండే చోట చేయించుకోండి. లోతుగా ఉన్నదాన్ని పైపైన కాల్చి వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

బిడ్డ పుడితే తగ్గుతుందన్న సలహా మీ మేలు కోరి ఇచ్చినదే అయినా, వైద్యంగా నిలబడదు. గర్భం ఉన్నన్నాళ్లు, పాలిచ్చినన్నాళ్లు నెలసరి ఆగడం వల్ల కొందరికి ఊరట ఉంటుంది, ఆ తర్వాత జబ్బు తిరిగి రావడం చాలా మామూలు. కేవలం ఎండోమెట్రియోసిస్‌ను తగ్గించడం కోసం గర్భం దాల్చమని స్త్రీలకు సలహా ఇవ్వరాదని నేను పైన చెప్పిన మార్గదర్శకాలే స్పష్టం చేశాయి. మీ అత్తగారితో ఈ మాట మీరు చెప్పడం కష్టమైతే, తదుపరిసారి ఆవిడను కూడా వెంట తీసుకువెళ్లి డాక్టరుగారి చేత చెప్పించండి. అది మీకూ ఆవిడకూ మధ్య వాదన కాకుండా పోతుంది. గర్భసంచి తీయడం గురించి కూడా ఇలాగే చెప్పాలి. ఈ జబ్బు ఉండేది గర్భసంచి బయట. దాన్ని తీసినా బయట ఉన్నవి ఉంటాయి. గర్భాశయపు కండరంలోనే జబ్బు ఉండే అడినోమయోసిస్ కలిసి ఉండి, పిల్లలు వద్దనుకున్నవారికి, ఇతర మచ్చలన్నీ కూడా తీసేటట్లయితే అది సరైన నిర్ణయం కావచ్చు. 29 ఏళ్ల వయసులో, స్కానింగ్ మామూలుగా ఉన్న మీకు అది ఇప్పుడు చర్చించవలసిన విషయం కాదు.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మీరు మూడు నెలలకే మానేసిన మాత్ర గురించి. డైనోజెస్ట్ రోజుకు 2 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకు, విరామం లేకుండా వేసుకోవాలి. మొదటి నెలల్లో అడపాదడపా రక్తం కనబడడం దాని స్వభావం. అది మందు పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు. లోపలి పొర పలచబడుతున్న కొద్దీ చాలామందిలో ఆ రక్తం తగ్గుతూ వస్తుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. మూడు నెలలంటే ఆ కష్టమైన భాగాన్ని దాదాపు దాటేసి, ఫలితం అందుకోబోయే ముందు ఆగిపోయారన్నమాట. ఈ సంగతి మందు రాసినప్పుడే మీకు విడమరచి చెప్పి ఉండవలసింది. మళ్లీ మొదలుపెట్టేట్లయితే కనీసం ఆరు నెలలు గడువు పెట్టుకోండి. రక్తం ఎక్కువైతే మీకు మీరే మానేయకుండా ఫోన్ చేసి చెప్పండి; మాత్ర వేళ తప్పుతోందా, టీబీకి వాడే రిఫాంపిసిన్ లేదా కొన్ని మూర్ఛ మందుల వంటివి తోడై మాత్ర బలాన్ని తగ్గిస్తున్నాయా, గర్భాశయంలో పాలిప్ ఏమైనా ఉందా అని చూడవచ్చు. ఈ మోతాదులో అండం విడుదల సాధారణంగా ఆగినా, దీన్ని గర్భనిరోధకంగా లెక్కపెట్టకుండా కండోమ్ వంటిది వాడాలి. మనసు అదేపనిగా కుంగుతున్నట్టు అనిపిస్తే దాచుకోకుండా చెప్పండి, ఆ కారణం మీద మందు మార్చడం పూర్తిగా సమంజసం. ఏళ్ల తరబడి వాడేటప్పుడు ఎముకల బలాన్ని కూడా గమనించాలి.

అది సరిపడకపోతే దారులు మూసుకుపోవు. అదే తరహా హార్మోన్ మాత్ర నోరెథిస్టిరోన్ ఉంది. ఈస్ట్రోజెన్ కలిసిన మామూలు గర్భనిరోధక మాత్రలను ఏడు రోజుల విరామం లేకుండా వరుసగా వాడే పద్ధతి ఉంది, అయితే కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, అధిక రక్తపోటు ఉన్నవారు, 35 దాటి పొగతాగేవారు అవి వాడకూడదు. లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తూ గర్భాశయంలో ఉండే లూప్ రక్తస్రావం ఎక్కువగా ఉన్నవారికి, అడినోమయోసిస్ ఉన్నవారికి బాగా పనికొస్తుంది, కానీ చాలామందిలో అండం విడుదల సాగుతూనే ఉంటుంది గనుక చాక్లెట్ సిస్టులను ఆపుతుందని నమ్మకం పెట్టుకోలేం. ఇవి సాగనప్పుడు అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తయారీని ఆపే ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు వాడతాము. మొదటి ఒకటి రెండు వారాలు నొప్పి పెరిగి తర్వాత తగ్గుతుంది; వేడి ఆవిర్లు, ఎముకల నష్టం వీటి చిక్కులు కాబట్టి కొద్దిపాటి హార్మోన్‌ను తోడుగా ఇవ్వాలి. ఎలాగోలిక్స్, రెలుగోలిక్స్ అనే మాత్రలు ఇదే దారిలో తర్వాత వచ్చినవి; రెలుగోలిక్స్‌ను హార్మోన్లు కలిపిన ఒకే మాత్రగా ఎండోమెట్రియోసిస్ నొప్పికి అమెరికా ఔషధ సంస్థ 2022లో అనుమతించింది. ఈ మందులేవీ జబ్బును వేళ్లతో పెకలించవు, నిద్రపుచ్చుతాయి. మానితే మళ్లీ లేవవచ్చు. అలాగే ఇవి సంతానశక్తిని శాశ్వతంగా దెబ్బతీయవు. డైనోజెస్ట్ మానిన ఒకటి రెండు నెలల్లో చాలామందికి నెలసరి తిరిగి వస్తుంది.

నొప్పి మాత్రల విషయంలో చాలామంది చేసేది, ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, ఇక భరించలేనప్పుడు ఒక మాత్ర మింగడం. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ ఆమ్లం ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి, తయారైపోయిన వాటిని తొలగించలేవు. అందుకే నెలసరి మొదలయ్యే ముందురోజు లేదా మొదటి సూచన కనబడగానే, తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన వేళలకు రెండు మూడు రోజులు వరుసగా వేసుకుంటే తేడా తెలుస్తుంది. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, కొన్నిరకాల ఉబ్బసం ఉన్నవారికి ఇవి తగవు. ట్రమడాల్ వంటి మత్తు తరహా మందులను నెలల తరబడి వాడడాన్ని నేను ప్రోత్సహించను. అవి పేగులను మందగింపజేసి మలబద్ధకం తెస్తాయి, కొంతకాలానికి నొప్పి తీవ్రతను అవే పెంచుతాయి. నరాల అతిస్పందనకు రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ కొందరికి మేలు చేస్తుంది, నిద్ర కూడా పడుతుంది. మానసిక జబ్బుకు కూడా వాడే మందు కాబట్టి 'నన్ను పిచ్చిదాన్నంటున్నారు' అనుకోకండి. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్‌ను మాత్రం ఇప్పుడు నేను సులభంగా రాయడం లేదు: లాప్రోస్కోపీలో ఏ కారణమూ కనబడని పొత్తికడుపు నొప్పి ఉన్న 306 మంది స్త్రీల మీద బ్రిటన్‌లో చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో అది ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు, తల తిరగడం, మగత మాత్రం ఎక్కువయ్యాయి.

కండరాల బిగువుకు కటి భాగంలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లడం మంచిది. బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు ఈ దశలో చేయకండి, బిగిసిన కండరాన్ని ఇంకా బిగించినట్టవుతుంది. మీరు నేర్చుకోవలసింది వదలడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, వాటి కింద రెండు దిండ్లు పెట్టుకుని, ఒక చెయ్యి పొట్టమీద ఉంచండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలిస్తే పొట్ట చేతిని పైకి నెడుతుంది, అదే సమయంలో కింద కూర్చునే చోట కండరం మెత్తగా జారుతున్నట్టు తెలియాలి. మొదటి రోజుల్లో ఏమీ తెలియకపోవచ్చు. రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు చేస్తూ పోతే కొద్ది వారాల్లో ఆ కదలిక పట్టుబడుతుంది. ఆ తర్వాత అదే పద్ధతిని మలవిసర్జన వేళ, కలయికకు ముందు వాడుకోవచ్చు. కలయిక బాధగా ఉంటే పళ్ల బిగువున ఓర్చుకోవద్దు. ఓర్చుకున్న ప్రతిసారీ ఆ కండరం నొప్పిని ముందుగానే ఊహించి బిగుసుకోవడం నేర్చుకుంటుంది. ఈ మాట మీ భర్తకు కూడా తెలియాలి, ఆయన చదవడానికి ఈ పేరా చూపించండి.

ఆహారం గురించి చెప్పగలిగేది తక్కువ. ఎండోమెట్రియోసిస్‌ను నయం చేసే ఆహారమేదీ లేదు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, మలబద్ధకం మీకు ప్రధాన బాధలైతే, పేగులో త్వరగా పులిసే పదార్థాలను డైటీషియన్ పర్యవేక్షణలో కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకునే పద్ధతి కొందరికి ఉపయోగపడుతోంది. ఏళ్ల తరబడి సగం ఆహారం మానేసి నీరసపడడం మాత్రం చేయవద్దు. చేయగలిగిన రోజుల్లో నడక, నొప్పి రోజుల్లో వేడి కాపడం, చర్మం మీద అతికించి స్వల్ప విద్యుత్తుతో నొప్పిని తగ్గించే టెన్స్ యంత్రం వంటివి నిరభ్యంతరంగా వాడవచ్చు.

రోజువారీ పుస్తకం ఒకటి రాయండి. నొప్పి పదికి ఎంత అన్న అంకె ఒక్కటే రాస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. నా దగ్గరకు వచ్చే ఒకావిడ పుస్తకంలో ఒక రోజు ఇలా ఉండేది: 'పన్నెండో రోజు. రక్తం లేదు. ఉదయం విరేచనానికి ముందు పొడిచినట్టు, అయ్యాక తగ్గింది. మధ్యాహ్నం రెండు గంటలు కూర్చున్నాక కుడి తొడలోకి లాగుడు. మాత్ర వేసుకోలేదు. సాయంత్రం పని మానుకోవలసి వచ్చింది.' ఆ ఆరు వాక్యాల్లో పేగు నొప్పి, కండరాల నొప్పి వేరువేరుగా కనిపిస్తున్నాయి, జీవితానికి ఎంత అడ్డం వచ్చిందో కూడా ఉంది. ఇలాంటివి రెండు నెలలవి ఉంటే ఏ చికిత్స దేనికి పనిచేస్తోందో తేలుతుంది. అలసట కూడా రాయండి, అది ఈ జబ్బులో నిజమైన లక్షణం, బద్ధకం కాదు. రక్తహీనత, థైరాయిడ్ తోడుగా ఉన్నాయేమో ఒకసారి పరీక్ష చేయించుకోండి.

పిల్లల గురించి మీ ఉద్దేశం మీరు రాయలేదు. త్వరలో కావాలనుకుంటే పైన చెప్పిన హార్మోన్ చికిత్స ఆ కాలానికి పనికిరాదు, ఎందుకంటే అది గర్భం రాకుండానే ఆపుతుంది, మానిన తర్వాత అవకాశాలను పెంచదు కూడా. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో చాలామంది సహజంగానే తల్లులవుతారు. అయినా మీ విషయంలో ఏడాది ఎదురుచూడకుండా ఆరు నెలల ప్రయత్నం తర్వాత నిపుణులను కలవమంటాను. ప్రయత్నిస్తున్న నెలల్లో అండం విడుదలయ్యే రోజుల్లో ఐబుప్రొఫెన్ తరగతి మాత్రలు మాని పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవడం మంచిది. క్యాన్సర్ భయం ఉన్నట్లయితే, అండాశయ క్యాన్సర్ ముప్పు సాధారణ స్త్రీలలో జీవితకాలంలో నూటికి 1.3 ఉంటే ఈ జబ్బు ఉన్నవారిలో రెండుకు లోపే ఉంటుంది. దానికోసం ముందుజాగ్రత్తగా అవయవాలు తీయించుకోనక్కరలేదు.

కొన్ని లక్షణాలకు మాత్రం ఆగకూడదు. హఠాత్తుగా వచ్చి తగ్గని తీవ్రమైన నొప్పి, జ్వరంతో నొప్పి, నెలసరి రోజుల్లో మలంలో గానీ మూత్రంలో గానీ రక్తం, మలం సన్నబడిపోవడం, నెలసరి వేళ కుడి భుజంలో నొప్పితో ఆయాసం, ఒక పక్క నడుములో కొత్తగా మొదలైన నొప్పి వస్తే వెంటనే చూపించుకోండి. మూత్రనాళం చుట్టూ ఈ జబ్బు బిగుసుకుంటే కిడ్నీ ఏ నొప్పీ లేకుండానే దెబ్బతినగలదు, కాబట్టి మీ స్కానింగ్‌లో కిడ్నీలు కూడా చూశారా లేదా అన్నది నివేదికలో వెతకండి. లేకపోతే ఒకసారి చేయించండి. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ నివేదిక, ఫొటోలు ఉంటే అవి, బయాప్సీ ఫలితం తీసుకువెళ్లండి. మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయి, గర్భాశయం వెనుక భాగం పూర్తిగా చూడగలిగారా, అన్నీ తీశారా లేక కొన్ని వదిలారా అన్నది అందులో ఉండాలి. మీ దగ్గర లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. రెండో ఆపరేషన్‌కు తొందరపడవద్దని నేను చెప్పిన మాటను మార్చగలిగేది ఏదైనా ఉంటే అది ఆ కాగితాల్లోనే ఉంటుంది.